కిహుంగా వాగు ఇసుక

కొండ దిగువ ఊళ్లలో గోడ పూతకి ఇసుక కావలసినవాళ్లు లారీ ఇసుక అడగరు, ముహీందో ఇసుక అడుగుతారు. వరసగా ఆడపిల్లలు పుట్టిన తర్వాత కలిగిన మగపిల్లాడికి ఆ కొండవాళ్లు పెట్టుకునే పేరది. ఆ పేరున్నవాళ్లు ఊరూరా ఉన్నారు గానీ ఇసుక దగ్గర ముహీందో అంటే ఒక్కడే. నడుములోతు నీళ్లలో నిలబడి, పారను అడుగుకి ఆనించి, నీటి వాలుకి ఎదురు తిప్పి నెమ్మదిగా పైకి లేపుతాడు. బురద నీళ్లలోనే జారిపోతుంది. ఒడ్డుకి చేరేసరికి పారలో ఇసుకే ఉంటుంది. గుప్పెడు తీసి పిండి, అరచెయ్యి తెరిచి చూస్తాడు. చేతికి మరక అంటిందా, ఆ కుప్ప మళ్లీ ఏటిపాలే.

"పెళ్లికూతురికి కూడా ఇన్నిసార్లు స్నానం చేయించరురా," అని పక్కన పనిచేసేవాళ్లు నవ్వేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు, కోపగించుకునేవాడూ కాదు. పని అలాగే చేస్తారని అతని నమ్మకం.

వరదలు వరసగా రెండేళ్లు వచ్చి వంతెన కొట్టుకుపోయాక ర్వెంజోరి కొండల్లో ఎక్కడ విన్నా ఒకటే వాదన. ఇంత మట్టి ఎక్కడినుంచి వస్తోంది? పైన కాఫీ తోటలవాళ్లు ఏటవాలు నేలంతా తవ్విపారేస్తున్నారని కిందివాళ్లు. కొండ గుణమే అంత, తాతల నాడూ అలాగే అరిగిందని పైవాళ్లు. దాన్ని తేల్చడానికి కంపాలా నుంచి నలుమాన్సి అనే శాస్త్రవేత్త వచ్చింది. పొడుగు మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మాట తక్కువ. వాగుల్లో దిగి ఇసుక తీసే మనిషి కావాలంటే అందరూ ముహీందో ఇంటికే దారి చూపించారు.

ఆమె అతని వంటపాకలో కూర్చుంది. ముహీందో భార్య కబూఘో టీ ఇచ్చింది.

"ఇసుక చూసి కొండ వయసు చెప్తారంట కదా?" అన్నాడు ముహీందో.

"వయసు కాదు, అరుగుదల." నలుమాన్సి తలెత్తి పాక కప్పు చూసింది. "ఈ గడ్డి కప్పి చాలా ఏళ్లయినట్టుందే."

"ఎట్టా తెలిసింది?" అంది కబూఘో.

"మసి చూస్తే తెలీదా? కొత్త గడ్డికి ఇంత మసి పట్టదుగా. కొండ కూడా అంతే. పైనుంచి కంటికి కనపడని కిరణాలు ఎప్పుడూ పడుతుంటాయి. నేల పైపొరలో ఉన్న పలుగురాయికి అవి తగిలినప్పుడల్లా రాయిలోపల బెరీలియం-పది అనే ఐసోటోపు ఇసుమంత పుడుతుంది. అది మసి అనుకోండి. కొండ మెల్లగా అరిగితే రాయి పైన ఎక్కువకాలం ఉంటుంది, మసి ఎక్కువ పడుతుంది. గబగబా అరిగితే మసి పట్టేలోపే వాగులోకొచ్చి పడుతుంది. వాగు మొదట్నుంచి చివరిదాకా అన్ని గట్ల ఇసుకా చివర్లో కలుస్తుంది గనక అక్కడ ఒక్క సంచి తీస్తే చాలు. వేల ఏళ్లుగా ఆ కొండ ఎంత అరుగుతోందో లెక్క తేలుతుంది."

"అయితే ఈయనకి చెప్పండి మేడం," అంది కబూఘో. "కప్పు మార్చవయ్యా అంటే, ఇంకా మసి పట్టలేదంటాడు."

మర్నాటినుంచి ఇద్దరూ వాగులు పట్టుకు తిరిగారు. ఒడ్డు ఇసుక పనికిరాదు, అది పక్కన కూలిన ఒక్క గట్టుదై ఉంటుంది. చరియ జారినచోటికి కింద పనికిరాదు. పారే పాయలోనే, కాస్త కాస్త దూరంలో చారెడు చారెడు తీసి కలపాలి, నీళ్లలోనే జల్లెడ ఆడించాలి. నలుమాన్సి ఒకసారి చేసి చూపించింది. రెండో వాగు దగ్గర జల్లెడ అతని చేతికిచ్చి ఒడ్డున కూర్చుంది. మూడో వాగు దగ్గర, "ఈయన చెయ్యి నా చెయ్యే," అని డ్రైవరుతో చెప్పింది. ఆ మాట ముహీందో ఇంటికెళ్లి భార్యకి చెప్పలేదు గానీ, ఆ రోజంతా మనసులో నెమరు వేసుకున్నాడు. ఆ తర్వాత ఏ వాగు దగ్గరైనా ఆమె చోటు చూపించి, బండి దగ్గరికి వెళ్లి కాగితాలు రాసుకునేది.

చివరికి కిహుంగా వాగు ఒక్కటే మిగిలింది. నాచురాయి మీద జారి నలుమాన్సి కాలు బెణికింది. మర్నాడు పొద్దున్నే ఇసుక సంచులన్నీ తీసుకుని బండి కంపాలా వెళ్లాలి. "నువ్వొక్కడివే వెళ్లిరా," అని, ఇసుక తీసిన చోటు గుర్తుపెట్టుకునే చిన్న యంత్రం అతనికిచ్చింది. వాగు దగ్గర నిలబడి మీట నొక్కితే చాలు.

కిహుంగా ఆ వరసలో అన్నిటికన్నా పైనున్న ఊరు. ముహీందో ఎక్కేసరికి తోటల్లో ఒక్క పార చప్పుడు లేదు. ఇళ్లముందు పారలు బోర్లించి ఉన్నాయి. ఆ పొద్దున్నే మాసెరెకా అనే కాఫీ రైతు చనిపోయాడు. కూతురు కాంగో వైపునుంచి రావాలి, అప్పటిదాకా పూడ్చరు. శవం ఇంట్లో ఉన్నంతసేపూ ఆ కొండమీద ఎవరూ మట్టిలో ఇనుము దించకూడదు. చిన్నపిల్లలు కూడా పుల్లతో నేల గీకరు.

ముహీందో తన పారని ఒక కాఫీ చెట్టు మొదట్లో దాచి వెళ్లి మగవాళ్లలో కూర్చున్నాడు. కొండపెద్ద బుకోంబి పక్కకి జరిగి చోటిచ్చాడు. ముసలివాడు, ఎవర్నీ వదలకుండా పలకరిస్తాడు.

"ఎక్కడిదాకా ప్రయాణం, ఇసుకాయన?"

"ఊరికే. వాగుదాకా."

అప్పుడే అడిగి ఉండవలసింది. నీళ్లలో ఇసుక కూడా మట్టి కిందికే వస్తుందా, చేత్తో తీయవచ్చా అని. కాదంటే ఖాళీ చేతులతో పోవాలి. చూద్దామంటే, పెద్దలంతా కూర్చుని తేల్చేసరికి పొద్దుగూకుతుంది. ముహీందోకి రెండూ ఇష్టం లేకపోయాయి. మాసెరెకా భార్య ఇథుంగు ఎవరిచేతో అతనికి కర్రపెండలం పిండితో చేసిన బుండు ముద్దా చిక్కుళ్లూ పంపింది. తిన్నాడు. తర్వాత వాగు దగ్గరికి నడిచి, పాయ ఒడ్డున నిలబడి, మీట నొక్కాడు. గట్టుమీది ఇళ్లనుంచి తను కనిపిస్తూనే ఉన్నాడు. వంగలేదు. పార తీసుకుని కొండ దిగాడు.

దిగువన, కిహుంగా పొలిమేర దాటాక, ఇప్పటి ఏటికి బాగా ఎత్తున, ఎవరో ఎప్పుడో ఇసుక తవ్వి వదిలేసిన పాతగుంట ఉంది. ఒకప్పుడు ఏరు అక్కడ పారింది. అదే తెలుపు, అవే తళుకులు. ఇదీ ఈ కొండదేగా అనుకున్నాడు. సంచి నింపాడు. ఏటిలో కడిగాడు కూడా, అలవాటు ప్రకారం, చేతికి మరక అంటనంత వరకూ.

నలుమాన్సి సంచి మూతి విప్పి చూసి డ్రైవరుని పిలిచింది. "చూడు, పని అంటే ఇలా ఉండాలి." ముహీందో తల వంచుకుని నవ్వాడు. ఆ పూట అతనికి సిగ్గేమీ వెయ్యలేదు. తర్వాత తర్వాత అతన్ని ఎక్కువ కాల్చింది ఆ సంగతే.

ఏడాది దాటాక కిహుంగా చర్చి రేకులకింద సభ పెట్టారు. జిల్లానుంచి ఒక అధికారి వచ్చాడు. నలుమాన్సి వచ్చింది. జల్లెడ పట్టుకుని జనానికి చూపించడానికి ముహీందోని ముందువరసలో కూర్చోబెట్టారు.

నలుమాన్సి తేలిన లెక్క చెప్పింది. తక్కిన వాగులన్నిటిలో కొండ తనంతట తానే వెయ్యేళ్లకి బెత్తెడు అరుగుతోంది. ఈ మధ్య వానాకాలాల్లో సీసాలతో నీళ్లు పట్టి బురద తూచితే ఇప్పటి అరుగుదల కూడా దాదాపు అంతే. కిహుంగాలో మాత్రం అలా లేదు. ఇసుక ప్రకారం అక్కడ కొండ వెయ్యేళ్లకి వేలి మందం కూడా అరగలేదు. ఇప్పుడు వస్తున్న బురద బెత్తెడు లెక్కకి వస్తోంది.

"అంటే?" అన్నాడు బుకోంబి.

అధికారి లేచాడు. "అంటే పెద్దాయనా, ఈ కొండ నిదానంగా ఉండేది. మీ పారలే దీన్ని తింటున్నాయి. పై గట్టు తోటలు మూసెయ్యాలి. మేకులు పాతి హద్దు పెడతాం. హద్దుకి పైనున్నవాళ్లు దిగాలి."

పై గట్టున మొదటి తోట ఇథుంగుది. ఆమె లేచి నిలబడింది. "మా ఆయన అడ్డంగా గడ్డి వరసలు వేశాడు సారూ. మట్టి జారకూడదని పెళ్లైన ఏడాదినుంచీ వేస్తూనే ఉన్నాడు."

"వేశాడమ్మా. కానీ లెక్క ఇలా ఉంది."

ఆమె నలుమాన్సి వైపు చూసింది. "ఆ లెక్క తప్పే వీలుందా అమ్మా?"

"ఇసుక సరిగ్గా తీస్తే తప్పదు," అంది నలుమాన్సి. "తీసింది ముహీందో. ఆయన చేతిమీద నాకు నమ్మకం ఉంది." కాగితం చూసి, తీసిన తేదీ కూడా చదివింది.

ఆ తేదీ వినగానే సభలో గుసగుసలు లేచాయి. బుకోంబి కర్ర ఊతంగా ముందుకొచ్చాడు.

"మళ్లీ చదువమ్మా." ఆమె చదివింది. ముసలివాడు ముహీందో ముందు నిలబడ్డాడు. "ఆ రోజు మాసెరెకా ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. నా పక్కన కూర్చుని వాళ్ల కూడు తిన్నావు. తిని, వెళ్లి మా నేలలో ఇనుము దించావా?"

ముహీందో జల్లెడ వైపు చూశాడు. దించలేదు అనడం ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే, మరి ఇసుక ఎక్కడిదని ఆమె అడుగుతుంది. ఈయన చెయ్యి నా చెయ్యే అన్న ఆమె, అందరిలో.

"దించాను పెద్దయ్యా," అన్నాడు.

"సిగ్గులేదూ?"

"తప్పే."

వెనకనుంచి ఎవరో, "ఇసుక కోసం తల్లి సమాధి కూడా తవ్వుతాడు వీడు," అన్నారు. ఇథుంగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొండపెద్దలు అక్కడికక్కడే తీర్మానించారు. చనిపోయినవాడి ఇంటికి మేక తెచ్చి కోసి, నేలకి శాంతి చేసి, ఆ ఇంట్లో కూర్చుని తినాలి. ముహీందో ఒప్పుకున్నాడు. దిగేటప్పుడు నలుమాన్సి అతని పక్కన నడిచింది.

"నాకు తెలీదు," అంది. "నా పనికోసం ఇంత తప్పు మీద వేసుకున్నావు. ఖాళీగా తిరిగొచ్చినా నేనేమీ అనేదాన్ని కాదు కదా."

ఆమె క్షమాపణ అడుగుతోందని అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆ దారిలో అతను రాళ్లే చూస్తూ నడిచాడు.

మేక తోలుకుని మళ్లీ కొండెక్కేసరికి ఇథుంగు తోటలో మేకులు పాతి ఉన్నాయి. ఎర్ర రంగు పూసిన కర్రలు, మాసెరెకా వేసిన గడ్డి వరసల మధ్యనుంచి వంకరగా పోతున్నాయి. బుకోంబి నేలమీద నీళ్లు చల్లి చనిపోయినవాడిని పేరుపెట్టి పిలిచి, "వీడు తెలియక చేశాడు, కోపం విడిచిపెట్టు," అన్నాడు. మేక కోశారు. ఆడవాళ్లు వండారు. ఇథుంగు తనే బుండు ముద్ద విరిచి, మాంసం పక్కన వేసి ముహీందో ముందు పెట్టింది.

"తిను తమ్ముడూ. నా మనసులో ఏమీ లేదు." అతని ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు నీ మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ తర్వాత అనుకున్నా. మా ఆయన చేతులే ఈ కొండని తిన్నాయంట కదా. తెలియక నువ్వొక తప్పు చేశావు, తెలియక ఆయనొకటి చేశాడు. ఎవర్ని ఏమంటాం? గడ్డి వేస్తే ఆగుతుందనుకునేవాడు పాపం. వానలో కూడా పోయి వేసేవాడు. ఆగలేదన్నమాట."

ముహీందో చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఆగింది," అన్నాడు.

"ఏంటి?"

"వదినా, ఆ ఇసుక మీ వాగుది కాదు."

పక్కన నములుతున్నవాళ్లు ఆగారు. అతను అందరికీ వినపడేలా చెప్పలేకపోయాడు, కానీ చెప్పాడు. వాగు దగ్గర వంగలేదని, మీట మాత్రం నొక్కానని, కింద పాతగుంటలో నింపానని, అడగడానికి బద్ధకించానని. మొన్న సభలో తవ్వానన్నది కూడా అబద్ధమేనని.

బుకోంబి పళ్లెం పక్కన పెట్టాడు. "అయితే నువ్వు మా దుఃఖంలో తవ్వలేదు."

"లేదు పెద్దయ్యా."

"మేకనెందుకు కోయించావురా మరి?"

"మేక తిరిగిచ్చే దారి లేదు, సగం లోపలికెళ్లింది," అన్నాడు మూలనున్న ఒకాయన. ఎవరూ గట్టిగా నవ్వలేదు.

"తవ్వని తప్పుకి మేకనిచ్చాడు," అన్నాడు బుకోంబి. "చేసినదానికి ఏమిస్తాడో అడగండి. వాగు ఇసుకది ఏముందిరా? నీళ్లు మోసుకొచ్చేదానికి మాకు పట్టింపు లేదు. అడిగుంటే చేత్తో తీసుకోమనేవాణ్ణి. నా పక్కనే కదరా కూర్చున్నావు?"

ముహీందో చెయ్యి కడుక్కోబోయాడు. ఇథుంగు పళ్లెం అతనివైపు ఇంకాస్త జరిపింది.

"తిను," అంది. "నీ మేకేగా."

అతను తిన్నాడు. అంతమంది చూస్తుండగా ఆ పళ్లెం ఖాళీ చేశాడు. అంత కష్టమైన పని ఏ ఏటిలోనూ చెయ్యలేదు.

ఫోన్ చర్చి దిబ్బమీద తప్ప పలకదు. బుకోంబి అందర్నీ అక్కడికి నడిపించాడు. "ఇక్కడే మాట్లాడు. మేమూ వింటాం. నీ మాట మేము మోసుకుపోలేం." ముహీందో మాట్లాడాడు. అవతల నలుమాన్సి మొత్తం విన్నది. వాగు ఇసుకకీ పాతగుంట ఇసుకకీ తేడా ఏమిటో ఎవరూ అడగకుండానే చెప్పింది. ఆ ఇసుక ఏరు వదిలేసి పోయాక వేల ఏళ్లు గట్టుమీదే పడి ఉంది, అక్కడా మసి పడుతూనే ఉంది, అందుకే కొండ కదలనట్టు కనిపించింది. ఆ గొంతులో కోపం లేదు. పాఠం చెప్పినట్టు చెప్పింది. తర్వాత అడిగింది.

"మిగతా వాగులవి?"

"మిగతావన్నీ ఆయా వాగులవే మేడం. మీరు నేర్పినట్టే తీశాను."

"అది నువ్వు చెప్తున్న మాట," అంది నలుమాన్సి.

 చలినీళ్లలో నిలబడి, చారెడు చారెడు ఏరి, అంత పద్ధతిగా తీసిన ఇసుకంతా ఆ ఒక్క సంచితో పాటు పోయిందని అతనికి అప్పుడు తెలిసింది.

ఆమె జిల్లాకి రాసి మేకుల పని ఆపించింది. వానలు తగ్గాక వచ్చింది. ముహీందో అడగకుండానే వెళ్లి సామాను మోశాడు. ఏ వాగు దగ్గరా ఆమె జల్లెడ అతనికివ్వలేదు. మళ్లీ అన్ని వాగుల్లోనూ తనే దిగి తీసింది. ఒకచోట పాయ మధ్య ఆమె జల్లెడ మరీ ఎత్తి పట్టడం చూసి, సన్న ఇసుక పోతోందని చెప్పబోయి మానుకున్నాడు. కాసేపటికి ఆమే గమనించి దించుకుంది.

కిహుంగా వాగు దగ్గర ఇథుంగు వచ్చి సంచి మూతి పట్టుకుంది. "మళ్లీ అదే లెక్క వస్తే దిగిపోవాల్సిందేనా అమ్మా?" అని అడిగింది.

"వస్తే దిగాల్సిందే," అంది నలుమాన్సి.

"సరే. ఈసారి ఇసుక నా కళ్లతో చూశాను."

లెక్క రావడానికి మరో ఏడాది పట్టింది. కిహుంగాలో కూడా బెత్తెడే, కాస్త తక్కువ. మరీ నిటారు అంచున ఉన్న రెండు తోటలు వదలమన్నారు. ఇథుంగు తోటలో మేకులు పీకేశారు, ఆమె వాటికి చిక్కుడు తీగలు పాకించుకుంది. ఆ సభకి ముహీందో వెళ్లలేదు. కబూఘో వెళ్లొచ్చి చెబితే విని, ఊ అన్నాడు. తక్కిన వాగుల పాత ఇసుకా కొత్త ఇసుకా ఒకటే లెక్క చూపించాయని కూడా ఆమె చెప్పింది. నలుమాన్సి ఆ సంగతి అందరిలో చదివిందట. అతను లేచి వెళ్లి పార కడుక్కున్నాడు. పొద్దున కడిగిన పారే.

ఇసుక బేరం తగ్గలేదు. మేస్త్రీలకి గోడ నున్నగా వస్తే చాలు. కానీ బండికి ఎత్తేటప్పుడు ఎవరో ఒకరు, "ఇది ఏ వాగుది ముహీందో?" అంటారు, పక్కవాడు నవ్వుతాడు. ముహీందో పార ఆపకుండా ఏ ఒంపులో తీసిందీ చెబుతాడు. వేళాకోళమని తెలిసీ, ప్రతిసారీ సరిగ్గా చెబుతాడు.

ఒక సంత రోజు ఇథుంగు కుప్ప దగ్గరికి వచ్చింది. భర్త సమాధికి సిమెంటు చేయిస్తోందట. ముహీందో పైకి చూడకుండా మంచి కుప్పలోంచి గోనెలకి ఎత్తడం మొదలుపెట్టాడు. గోనెలు కట్టాక డబ్బు వద్దన్నాడు.

"ఊరికే అయితే నాకొద్దు," అందామె. "ఆయన మీద పోసేది. కొని పోస్తాను."

డబ్బు అతని చేతిలో పెట్టింది. తర్వాత ఒక గోనె మూతి విప్పి, గుప్పెడు తీసి పిండి, అరచెయ్యి తెరిచి చూసుకుంది. చాలాసేపు చూసింది. అతను నిలబడి ఉన్నాడు.

"ఎత్తించు," అంది.